ఎర్ర చివర

పోలీసు జీపు ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చేసరికి పన్నెండూ యాభై అయింది. నేను పన్నెండున్నరకే లోపల ఉన్నాను. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండడానికి ఆ ఇరవై నిమిషాల తేడా చాలు. జీపు ఆగకముందే అరిచాడు.

“ఈవిణ్ణి ఎవడు రానిచ్చాడు లోపలికి?”

“నా క్లయింటు ఇక్కడే ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. ఆమె వెంట వచ్చాను,” అన్నాను. “గోడ దూకలేదు లెండి.”

“క్లయింటట! తండ్రిని చంపినవాడి కోసం కూతురే డిటెక్టివ్‌ని పెట్టుకోవడం ఎక్కడైనా విన్నామా?”

“చంపాడని మీరంటున్నారు. ఆమె అనలేదు.”

రెండేళ్ళ కిందట ఒక నగల దొంగతనంలో ఈయన పట్టుకున్న మనిషి దొంగ కాదని నేను కోర్టులో తేల్చాను. అప్పట్నుంచి నన్ను చూస్తే ఈయన ముఖం ఆముదం తాగినట్టవుతుంది. నాకూ ఈయన ముఖం చూడాలని మోజేమీ లేదు. కానీ నా క్లయింటు నిన్న తండ్రిని పోగొట్టుకుంది, ఇవాళ మూడింటికి మొగుణ్ణి కూడా పోగొట్టుకోబోతోంది. నా చేతిలో ఉన్నవి రెండు గంటలే.

కేసు వినడానికి తేలికే. ఇది నట్లు తయారుచేసే ఫ్యాక్టరీ. తయారైన నట్లను పరీక్షించి పాస్ చేసే పెద్దాయనని అందరూ గేజి తాత అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఏప్రన్ జేబులో గేజి, అంటే నట్టు కొలత సరిచూసే కడ్డీ, లేని రోజు లేదు. నిన్న ఉదయం తొమ్మిదీ పదికి, ఇనుప తీగచుట్టని పైకెత్తే దూలానికి కొక్కేన్ని పట్టి ఉంచే నట్టు ఊడి, రెండు టన్నుల చుట్ట ఆయన మీద పడింది. అప్పుడు టీ విరామం. షెడ్డులో ఆయన కాక ఉన్నది ఒక్కడే, ఆయన అల్లుడు. నట్లలో మరలు కోసే మెషీను వాడిది. అరగంట ముందు మామా అల్లుడూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. దూలం పక్కనున్న ప్లాట్‌ఫాం మీద అల్లుడి పానా దొరికింది, పిడికి ఎర్ర టేపు చుట్టిన పానా. పది కొట్టేలోపు ఇన్‌స్పెక్టర్ బేడీలు వేసేశాడు, సాయంత్రానికి అరెస్టు రాశాడు.

“సంఘటనా స్థలం వీడి చేత చూపించి, మూడింటికి కోర్టులో పడేస్తాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, వాచీ చూసుకుంటూ. “నాలుగింటికి కొత్త మైదానంలో మా పాప పరుగు పందెం. మా ఆవిడ రెండింటికే వెళ్ళి ముందు వరసలో చోటు పట్టుకుంటానంది. మీ తెలివితేటలన్నీ ఆలోపే కానివ్వండి మేడమ్ గారూ.”

“పది నిమిషాలు అతనితో మాట్లాడాలి.”

“అయిదు.”

జీపు వెనక సీట్లో అల్లుడు కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నూనె మరకల చొక్కా, బేడీల కింద బొటనవేలూ చూపుడువేలూ ఖాళీగా ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి. లేని నట్టుని తిప్పుతున్నాయి.

“పానా నీదేనా?”

“నాదే.”

“పైకి నువ్వెక్కావా?”

వేళ్ళు తిరగడం ఆగింది.

“ఎనిమిదీ నలభైకి గొడవ దేనికి?”

“నిన్నటి నుంచి చెబుతూనే ఉన్నా. నావల్లే పోయాడు మావయ్య. రాసుకోండి, వదిలేయండి.”

“నావల్ల పోయాడు అనడం వేరు, నేను చంపాను అనడం వేరు.”

“మీకు వేరు. నాకు కాదు.”

రెండు గజాల దూరంలో అతని భార్య నిలబడింది. చేతులు కట్టుకుని అతని వైపు కాకుండా జీపు టైరు వైపు చూస్తోంది.

“మా అమ్మ నీ పేరు ఎత్తితే ఉమ్మేస్తోంది,” అంది. “నేను రాత్రంతా నీ తరఫున ఆవిడతో కొట్లాడాను. నువ్వు నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పు. చేశావా లేదా?”

అతను తల దించుకున్నాడు. నాకు వాడి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. జైలుకి పోతున్నవాడు మౌనంగా ఉంటే గొప్పగా కనపడుతుందేమో గానీ, బయట మిగిలినవాళ్ళ ప్రాణం తీస్తుంది.

“అయిదు నిమిషాలు అయిపోయాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

షెడ్డులో మెషీన్లు ఆపేసి ఉన్నాయి. తీగచుట్ట పడినచోట నేల పగిలి, ఇసుక చల్లి ఉంది. మేనేజరు అక్కడే నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

“సార్, ఈవిడ ఇందాక నా గదిలోకి కూడా వెళ్ళారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. “ఇదేం పద్ధతి సార్?”

“మీ కుర్చీ బాగుంది,” అన్నాను. “అందులో కూర్చుంటే అద్దంలోంచి ఈ దూలం, ఆ మెట్లు, ప్లాట్‌ఫాం, మొత్తం కనపడతాయి. నిన్న తొమ్మిదింటికి మీరు ఎక్కడున్నారు?”

“గదిలోనే. కాగితాలు చూసుకుంటున్నాను. తల ఎత్తలేదు.”

“గొడవ విన్నానని పోలీసులకి చెప్పారు, పైకెక్కిన మనిషిని మాత్రం చూడలేదా?”

“చెవులకి తల ఎత్తే పని లేదు కదమ్మా.”

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. నవ్వనిచ్చాను. తర్వాత కానిస్టేబుల్ చేతిలోని సంచీ తీసుకుని, ఊడిన నట్టునీ బోల్టునీ కాగితం మీద పెట్టాను.

“మీ లెక్క ప్రకారం ఏం జరిగింది?”

“కళ్ళకి కట్టినట్టు ఉందిగా. పానాతో నట్టు వదులు చేశాడు. చివరి చుట్టు మీద వేలాడింది. బరువు పడగానే ఊడింది.”

“అలాగైతే చివరి ఒకటి రెండు చుట్లే చెడాలి. ఇది చూడండి. మొదటి నుంచి చివరిదాకా నట్టు లోపలి మరలన్నీ గొరిగేసినట్టు పోయాయి. బోల్టు మరలు చెక్కుచెదరలేదు. వాటి సందుల్లో నట్టు తురుము ఇరుక్కుని ఉంది. అంటే ఇది ఊడేటప్పుడు పూర్తిగా బిగించే ఉంది. ఎవరూ విప్పలేదు, ఎవరో శ్రద్ధగా బిగించారు.”

ఇన్‌స్పెక్టర్ నట్టుని కంటి దగ్గర పెట్టుకున్నాడు. చూశాడని ఒప్పుకోవడం ఇష్టం లేక వెంటనే దించాడు.

“అయితే పనికిమాలిన నట్టు బిగించాడు. మరలు కోసేది వీడే కదా. నాకు కావలసింది మీరే చెప్పారు.”

“తొందరపడకండి. ఇక్కడ మీరు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో ఏడోది ఏమిటి?”

కానిస్టేబుల్ చదివాడు. “కళ్ళజోడు ఒకటి. పగలలేదు.”

“ఎక్కడ దొరికింది?”

“పైన ప్లాట్‌ఫాం మీద మేడమ్. పానా పక్కనే, మడిచి ఉంది.”

“ఎవరిది?”

“నాన్నది,” అంది కూతురు. “జోడు లేకపోతే చేతిలోని నట్టు కూడా కనపడదు ఆయనకి. గొడవప్పుడు పెట్టుకునే ఉన్నాడు. నేను చూశాను.”

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. “ఎనిమిదీ నలభైకి ముఖం మీదున్న జోడు, తొమ్మిదీ పదికి పదిహేనడుగుల పైన మడతపెట్టి ఉంది. మనిషి కింద నలిగిపోతే జోడు మాత్రం ఎగిరి, తనని తానే మడుచుకుని పడుకుందా? పైకెక్కింది ఆయనే. అల్లుడి పానా తీసుకెళ్ళింది ఆయనే. ఆ నట్టు బిగించిందీ ఆయనే. పైన చేతివేళ్ళ ముద్రలు తీయించారా?”

“తీయించాల్సినప్పుడు తీయిస్తాం.”

“అంటే తీయించలేదు.”

ఆయన మెడ ఎర్రబడింది. “ముసలాయన తన నెత్తిమీద తనే బండ వేసుకున్నాడంటారా? పిచ్చా ఆయనకి?”

“ఆ ప్రశ్నే నాదీను. పిచ్చి లేని మనిషి ఆ పని ఎందుకు చేశాడు?”

నట్టుని కూతురి చేతికిచ్చాను. ఆమె దాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఒక పక్కన చిన్న పసుపు రంగు చుక్క ఉంది. “ఇది నాన్న పాస్ చేసిన నమూనా. చుక్క ఆయన పెట్టిందే.” అంతలో ఆమె వేలు, నట్టు నుదుటి మీద అచ్చుగుద్దిన అక్షరాల దగ్గర ఆగిపోయింది. గోటితో గీకింది. నల్లటి నట్టు మీద, అక్షరాల గుంటల్లో తెల్లగా బూడిద రంగు తేలింది.

“ఇది నల్ల నట్టు కాదు సార్. జింకు పూత వేసిన నట్టు. యాసిడ్‌లో ముంచి పూత తీసేసి నల్లరంగు వేశారు. గుంటల్లోది మాత్రం పోలేదు.”

“అయితే ఏమైంది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పూత నట్లు పూత బోల్టులకే పనికొస్తాయి. బోల్టు మీద జింకు మందంగా ఉంటుంది కాబట్టి నట్టు రంధ్రం కాస్త పెద్దగా కోస్తారు. దాన్ని మామూలు బోల్టుకి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. మరలు మాత్రం అంచులతోనే పట్టుకుంటాయి. యాసిడ్‌లో నానితే ఆ అంచులూ అరుగుతాయి.” ఆమె మేనేజరు వైపు చూసింది. “నాలుగు నెలల కిందట ఒక పూత నట్ల ఆర్డరు రద్దయింది. నలభై వేల నట్లు గోడౌన్లో ఉండిపోయాయి.”

మేనేజరు ఒక ఫోను జేబులో పెట్టుకున్నాడు. “ఆవిడ బాధలో ఉంది సార్. నోటికొచ్చింది మాట్లాడుతోంది. ఒకవేళ నట్లు వదులుగా ఉంటే ఆయన గేజి పట్టుకునేది కదా? పంతొమ్మిదేళ్ళుగా అదే గేజి. ఆయన ప్రాణం అది. దాన్ని దాటి ఒక్క చెడ్డ నట్టు పోలేదు.”

“అదే గేజి?” అన్నాను.

“అదే. షెడ్డులో ఎవర్ని అడిగినా చెబుతారు.”

“గుర్తుపెట్టుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ మాట.”

శవం జేబులో దొరికిన గేజి కూడా సంచీలోనే ఉంది. అరచేతి పొడవు స్టీలు కడ్డీ. రెండు చివర్లా మరలు. ఒక చివర ఆకుపచ్చ గీత, రెండో చివర ఎర్ర గీత. మంచి నట్టులో ఆకుపచ్చ చివర దూరాలి, ఎర్ర చివర దూరకూడదు. ఎర్రది దూరిందంటే నట్టు వదులని అర్థం. ఇంతకన్నా సూటిగా మాట్లాడే పనిముట్టు ఇంకోటి లేదు.

మెట్ల కింద సగం తెరిచిన పెట్టె ఉంది. అందులోంచి పసుపు చుక్క ఉన్న నట్టు ఒకటి తీశాను. తాత గేజి ఆకుపచ్చ చివర దూరింది. ఎర్ర చివర దూరలేదు. నట్టు పాస్.

మేనేజరు పెదవి కొద్దిగా సాగింది. “చూశారా?”

అల్లుడి మెషీను సొరుగులోంచి వాడి గేజి తెప్పించాను. అదే సైజు. ఎర్ర చివర అదే నట్టులోకి సుబ్బరంగా చివరిదాకా దిగింది. నట్టు ఫెయిల్.

“వాడి గేజి అరిగిపోయింది సార్,” అన్నాడు మేనేజరు వెంటనే. “అరిగిన గేజి ఎందులోనైనా దూరుతుంది.”

“నిజమే,” అన్నాను. “అందుకే అది అరిగిందో లేదో చూద్దాం. ఆ రద్దయిన ఆర్డరు కన్నా ముందటి మంచి నట్ల పెట్టె ఉందా?”

కూతురు పరుగున వెళ్ళి రెండు నట్లు తెచ్చింది. వాటిలో అల్లుడి గేజి ఎర్ర చివర ఒక్క చుట్టు కూడా దూరలేదు. ఇన్‌స్పెక్టర్ నా చేతిలోంచి లాక్కుని తనే ప్రయత్నించాడు. బలంగా తిప్పాడు. దూరలేదు.

“అరగలేదు,” అన్నాను. “అంటే అబద్ధం చెబుతోంది తాత గేజి. దాని ఎర్ర చివర ఉండాల్సినదాని కన్నా లావుగా తయారైంది. వదులు నట్టు కూడా దానికి బిగుతుగానే ఉంటుంది. ఇప్పుడు నువ్వు చూడమ్మా. ఇది మీ నాన్నదేనా?”

ఆమె గేజిని అరచేతిలోకి తీసుకుంది. మధ్యలో పట్టు కోసం గరుకుగా చెక్కిన భాగం మీద బొటనవేలు పెట్టింది. ఉలిక్కిపడి తీసేసింది.

“కాదు.” గేజిని నా వైపు చాచింది. “చిన్నప్పుడు నాన్న ఇంటికి రాగానే నేను ఆయన జేబులోంచి గేజి తీసి ఆడుకునేదాన్ని. ఆయన వేళ్ళకి ఆ గరుకంతా పోయి, నున్నగా, సబ్బుబిళ్ళలా ఉండేది. ఇది ఆకురాయిలా గీసుకుంటోంది. ఇది ఎవరూ వాడని గేజి.”

పంతొమ్మిదేళ్ళ గేజి వేలు గీరుకునేంత కొత్తగా ఉంది. నేను ఇన్‌స్పెక్టర్ ముఖం చూశాను. తొందరపడే మనిషే గానీ మందమతి కాదు. మేనేజరు వైపు మెల్లగా తిరిగాడు.

“అదే గేజి అన్నావే?”

“నేను... అంటే నాకు తెలిసినంతవరకూ...”

“కొత్తది ఎవరిచ్చారు?”

జవాబు వెనక నుంచి వచ్చింది.

“ఆయనే ఇచ్చాడు. పదిరోజుల కిందట.”

అల్లుడు. ఇంకో కానిస్టేబుల్ పక్కన, బేడీలతో, షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలీదు. ముఖం పాలిపోయి ఉంది.

“పాతది అరిగిపోయింది, పరీక్షలో తప్పింది, పారేశాం అన్నాడు. కొత్తదానికి సర్టిఫికెట్ ఉందని చూపించాడు. మావయ్య ఆ కాగితం నాలుగుసార్లు చదువుకున్నాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నిన్న నేను ఆ నట్టు చేత్తో తిప్పి చూశాను. బోల్టు మీద ఊగుతోంది. మావయ్యా, ఇది వదులు, పాస్ చేయకండి అన్నాను. నా గేజితో చూపించాను. నీది అరిగింది, నాది సర్టిఫికెట్ ఉన్న గేజి, నీ వేలు చెప్పినమాట వినడానికి నేను పంతొమ్మిదేళ్ళు పనిచేశానా అన్నాడు. నాకు కోపం వచ్చింది.” ఆగిపోయాడు.

“చెప్పు,” అన్నాను.

“అంత నమ్మకముంటే నీ నెత్తిమీద వేలాడదీసుకో అన్నాను.” అతను భార్య వైపు చూశాడు. నిన్నటి తర్వాత ఆమె ముఖంలోకి చూడడం అదే మొదలు. “అలాగే అన్నాడు. నా చేతిలోంచి పానా లాక్కున్నాడు. టీ విరామంలో అందరూ పోయాక ఎక్కి, పాత నట్టు విప్పి, ఇది బిగించాడు. కిందికొచ్చి, స్విచ్చి పట్టుకుని, చుట్టని ఎత్తి దానికింద నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. చూడరా నా గేజి అన్నాడు. నేను పరిగెత్తాను. అందలేదు.”

ఆమె మొగుడి దగ్గరికి నడిచింది. కొడుతుందనుకున్నాను. వాడి చొక్కా కాలరు పట్టుకుంది.

“ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఆయన చెడ్డ నట్లు పాస్ చేశాడని తేలుతుంది. పోయినవాడి పేరు కూడా పోతుంది. నా నోటి దురుసుకి మనిషి పోయాడు, అది చాలనుకున్నాను.”

“మూర్ఖుడా. నాన్న నీ మాటకి ఎక్కలేదు. గేజిని నమ్మి ఎక్కాడు.” కాలరు వదిలేసి మేనేజరు వైపు తిరిగింది. “నువ్వు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నావు. ఆ నట్టు ఏమిటో తెలుసు. ఆ గేజి ఏమిటో తెలుసు. ఒక్క కేక వేస్తే ఆయన పక్కకి తప్పుకునేవాడు. ఎందుకు వేయలేదు?”

మేనేజరు గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అతని భుజం మీద పడింది. మొదటిసారిగా ఆ చెయ్యి నాకు నచ్చింది.

“కూర్చో. గోడౌన్ తాళాలు ఇటివ్వు. నలభై వేలూ సీలు చేస్తాను.”

“నలభై వేలు లేవు సార్,” అంది కూతురు. కళ్ళు తుడుచుకోలేదు. లెక్క గుర్తు తెచ్చుకుంటోంది. “గోడౌన్లో ఇరవై ఎనిమిది పెట్టెలే ఉన్నాయి. పన్నెండు వెళ్ళిపోయాయి. కొత్త గేజి వచ్చిన రెండోరోజే నాన్న వాటి మీద పసుపు చుక్క పెట్టాడు. నేనే ప్యాక్ చేశాను. లారీ ఎక్కించిందీ నేనే.”

“పెట్టెకి ఎన్ని?”

“వెయ్యి.”

“ఎక్కడికి?”

“కొత్త మైదానానికి. జనం కూర్చునే ఇనుప గ్యాలరీ బిగించడానికి.”

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. నేను కూడా చూశాను. రెండూ ఇరవై. ఆయన ఫోను తీసి, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ముందు వరసలో చోటు పట్టుకుని, బ్యాండు మోతలో కూర్చున్న మనిషికి ఫోను వినపడుతుందా?

“కంట్రోల్ రూంకి చెప్పండి,” అన్నాను. “మీ ఆవిడకి కాదు.”

తల ఊపాడు. వైర్లెస్‌లో అరుస్తూనే అల్లుడి దగ్గరికి వెళ్ళి, బేడీల తాళంచెవి రంధ్రంలో పెట్టబోయాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి దూరింది.

“బిగించిన నట్టులోకి గేజి పోదు,” అన్నాడు. నిన్నటి నుంచి అతన్ని ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి. “నువ్వు చేత్తో చూసి చెప్పగలవా బాబూ? ఏది నిలుస్తుందో, ఏది నిలవదో?”

అల్లుడు మణికట్టు రుద్దుకోలేదు. అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు.

“ముందు పిల్లల్ని దింపమనండి సార్,” అన్నాడు వెనక్కి తిరక్కుండా. “నెమ్మదిగా, ఒక్కో వరసా. అందరూ ఒక్కసారి లేచారంటే అది ఆగదు.”